ట్యాంకు మూత కింద డబ్బా

ఎండాకాలం మొదట్లో ఒక ఆదివారం పొద్దున, డాబా మీద బట్టలు ఆరేసి, నీళ్లు ఎంత ఉన్నాయో చూద్దామని ట్యాంకు మూత ఎత్తాను. మూత లోపలి వైపు నల్లటి టేపుతో అతికించిన చిన్న ప్లాస్టిక్ డబ్బా కనిపించింది. గుండీలు, సూదులు దాచుకునేంత డబ్బా. దాని గోడలోంచి చూస్తే లోపల బొటనవేలి గోరు కంటే కాస్త పెద్దదైన పచ్చటి పలక ఒకటి, దాని కింద చేతి గడియారంలో వేసే గుండ్రటి బ్యాటరీ లాంటిది ఉన్నాయి. నేను చూస్తుండగానే దాని మీద నీలం రంగు దీపం ఒక్కసారి మెరిసి ఆరిపోయింది.

నాకు మొదట తోచింది కెమెరా అని. డబ్బా అడుగున కన్నం ఉంది. అందులోంచి గాజు చుక్క లాంటిదేదో నీళ్ల వైపు చూస్తోంది. మూత ఎత్తి పట్టుకోవడంతో అది ఇప్పుడు నా ముఖంలోకి చూస్తోంది. నైటీ మీద వేసుకున్న టవల్‌ను మెడ దాకా లాక్కున్నాను.

ఎవరు పెట్టారో ఆలోచించే పని లేదు. డాబా తాళం చెవి మా దగ్గర ఒకటి, పైన పోర్షన్‌లో అద్దెకుండే అమ్మాయి దగ్గర ఒకటి.

గోదావరిఖనిలో కంపెనీ క్వార్టర్లు దాటాక వచ్చే వాడలో మా ఇల్లు. కింద మేముంటాం. మా ఆయన భూగర్భ గనిలో పంపుల దగ్గర పనిచేస్తాడు. గనిలో ఊరే నీటిని పైకి తోడడమే ఆయన డ్యూటీ. షిఫ్టు రెండు వారాలకోసారి మారుతుంది. నేను ఒక ప్రైవేటు ల్యాబులో రక్తం నమూనాలు తీస్తాను. పొద్దున వెళ్తే దీపాలు పెట్టే వేళకే రావడం. మా అమ్మాయి వరంగల్‌లో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. కాబట్టి ఆ ట్యాంకు నీళ్లు వాడేది మేమిద్దరం, పైన ఉండే ఆ అమ్మాయి.

ఆమె గోదావరి జిల్లాల నుంచి వచ్చింది. వయసు ముప్పై దాటింది. థర్మల్ ప్లాంటులో మీటర్లు, గేజీలు సరిచూసే ఇంజనీరు. ఇల్లు అడగడానికి వచ్చిన రోజే, పెళ్లెందుకు చేసుకోలేదని అడిగాను. "కుదరలేదండి" అని ఊరుకుంది. ఇంకొక మాట చెప్పి ఉంటే నాకు తృప్తిగా ఉండేదేమో. ఆ ఒక్క మాటతో ఆపేసిన మనిషి మీద ఆ రోజు నుంచే నా కన్ను ఒకటి ఉంచాను. ఒంటరి మనిషికి ఇల్లు ఇవ్వడం నాకు ఇష్టం లేకపోయింది. మా ఆయనే, "మంచిగ సదువుకున్న పిల్ల, నౌకరి చేసుకుంటది, పోనీ తియ్" అని ఒప్పించాడు.

ఆమెకు తరచుగా పార్సిళ్లు వచ్చేవి. అరచేతిలో పట్టేంత అట్టపెట్టెలు. పార్సిల్ అబ్బాయి ఆమె లేనప్పుడు వాటిని నా చేతికిచ్చేవాడు. చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసేదాన్ని. ఒక్కోసారి చప్పుడే ఉండేది కాదు. కొన్ని సాయంత్రాలు మెట్ల మీద కాలిన జిగురు లాంటి వాసన వచ్చేది. ఏం వండుతున్నావని అడిగితే, "వంట కాదక్కా, సోల్డరింగు. నాకు చిన్న చిన్న బోర్డులు తయారు చేసుకోవడం సరదా అండి" అంది. జీతం తీసుకుని రోజంతా చేసే పనిని ఇంటికొచ్చి ఊరికే మళ్లీ ఎవరైనా చేస్తారా అని నాకు నమ్మకం కుదరలేదు.

ఇక నీళ్ల సంగతి. మా వాడకు నల్లా రోజు తప్పించి రోజు వస్తుంది. సంపులో పట్టుకుని, మోటరుతో ట్యాంకుకు ఎక్కిస్తాం. ముగ్గురు మనుషులకు నిండు ట్యాంకు మర్నాటి దాకా హాయిగా రావాలి. ఆ ఏడు మాత్రం నేను పొద్దున నింపి వెళ్తే, సాయంత్రం వచ్చి ముఖం కడుక్కుందామనేసరికి నల్లా రెండుసార్లు దగ్గి ఆగిపోయేది. రామగుండం ఎండ సంగతి తెలిసిందే. ల్యాబులో పొద్దంతా నిలబడి వచ్చిన మనిషికి ఒంటి మీద పోసుకోవడానికి చెంబెడు నీళ్లు లేకపోతే ఎవరి మీద పడాలనిపిస్తుందో చెప్పనక్కర్లేదు.

మెట్ల మీద ఆమెను ఆపాను.

"నీళ్లు జర చూసి వాడమ్మా. ఎండకాలం గద."

"నేను వాడేది రెండు బకెట్లేనక్కా. బట్టలు కూడా ఆదివారం ఒక్కరోజే ఉతుకుతున్నానండి."

"మరి ట్యాంకు ఎట్ల అడుగంటుతున్నది? పొద్దుగాల నిండ నింపి పోతున్న. మేమైతె పొద్దంత ఇంట్ల ఉండం."

"ఈ వారం నాదీ పగటి డ్యూటీయేనండి."

ఎంతో నెమ్మదిగా చెప్పింది. ఆ నెమ్మదే నాకు అబద్ధంలా వినిపించింది. మరో వారం ఓపిక పట్టి, ఈసారి కాస్త గట్టిగానే చెప్పాను. ఇట్లయితే వేరే ఇల్లు చూసుకోమన్నాను. ఆమె మెట్ల రెయిలింగు పట్టుకుని కొంతసేపు నిలబడి, పైకి వెళ్లిపోయింది. ఆ తర్వాత కొద్ది రోజులకే ట్యాంకు మూత కింద ఆ డబ్బా కనిపించింది.

టేపు పీకి, డబ్బాను కిందికి తెచ్చి మా ఆయనకు చూపించాను. ఆయన వరండాలో కూర్చుని డ్యూటీ బూట్లకు అంటిన బురద గీకుతున్నాడు.

"ఏంది ఇది?"

"పైనామె ట్యాంకుల పెట్టింది. నువ్వు మిషన్ల కాడ పని చేస్తవ్ గద, నువ్వే చెప్పు."

డబ్బాను అటూ ఇటూ తిప్పాడు. లోపలి దీపం మెరిసేసరికి చేయి కొంచెం వెనక్కి తీసుకున్నాడు.

"నీళ్లు చూస్తదా ఏంది ఇది?" అన్నాడు.

"నాకేం తెలుసు? తాగే నీళ్లల్ల ఏం కలుపుతున్నదో ఏమో."

ఆయన బూటు కింద పెట్టి, "తీసి పారెయ్. ఆమెను వచ్చే నెల ఖాళీ చెయ్యమను" అన్నాడు.

మా ఆయన ఎవరినీ నొప్పించే మనిషి కాదు. పక్కింటివాళ్ల కుక్క మా చెప్పు ఎత్తుకుపోయినా "పోనీ తియ్" అనే మనిషి. అలాంటివాడు అంత తొందరగా ఖాళీ చేయించమనడం వింతగానే అనిపించింది. కానీ అప్పటికి నా పక్షాన మాట్లాడాడన్న సంతోషం ఎక్కువగా ఉండటంతో, ఆ వింతను నేను పట్టించుకోలేదు.

నేను దాన్ని పారేయలేదు. పారేస్తే సాక్ష్యం పోతుంది కదా. స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టి గట్టిగా మూత బిగించాను. స్టీలులో ఉంటే వినలేదేమోనని నా లెక్క. మర్నాడు ల్యాబుకు పోతూ దారిలో ఉన్న మొబైల్ రిపేరు షాపులో ఇచ్చాను. షాపతను భూతద్దం పెట్టుకుని చూశాడు.

"కెమెరా లేదక్కా. మైకు గూడ లేదు. ఇది చిన్న కంప్యూటర్ లెక్క. శౌకు ఉన్నోళ్లు ఆన్‌లైన్ల తెప్పిచ్చుకుంటరు. గీ చిన్న బ్యాటరీ మీదనే నెలలకు నెలలు నడుస్తది. వైరు లేకుంట దగ్గరున్న ఫోనుకు సంగతులు పంపుతది."

"ఏం సంగతులు?"

"అది నేర్పినోళ్లకే ఎరుక. దీనికి ఏది నేర్పితె అది చేస్తది."

ఆ మాటతో నా భయం తగ్గకపోగా ఇంకొంచెం పెరిగింది. కెమెరా అయితే ఏం చేస్తుందో నాకు తెలుసు. ఇదేం చేస్తుందో నేర్పినవాళ్లు చెబితే తప్ప తెలియదు. నేర్పింది నేను నమ్మని మనిషి.

ఆ సాయంత్రమే పైకి వెళ్లాను. ఆమె గదిలో ఒక మూల బల్ల, దాని మీద రంగు రంగుల సన్నటి వైర్లు, పట్టకార్లు, అలాంటివే మరికొన్ని పలకలు వరుసగా ఉన్నాయి. నా చేతిలో డబ్బా చూడగానే ఆమె ముఖం తేలికపడింది.

"మీరు తీశారాండి? నిన్నటి నుంచి ఫోనుకి దొరకడం లేదు, నీళ్లలో పడిపోయిందేమో అనుకున్నాను."

"నన్నడగకుంట నా ట్యాంకుల ఎందుకు పెట్టినవ్?"

"అడిగితే మీరు వద్దంటారని. అడగకుండా పెట్టడం తప్పేనక్కా." కుర్చీ జరిపి నన్ను కూర్చోమంది. నేను కూర్చోలేదు. "నీళ్లన్నీ నేనే వాడేస్తున్నానని మీరు రెండుసార్లు అన్నారు. కాదని నోటితో ఎన్నిసార్లు చెప్పినా ఏం ఉపయోగం అండి? అందుకని పెట్టాను. మూతకీ నీటికీ మధ్య ఎంత ఎడం ఉందో ఇది కాసేపటికోసారి కొలిచి దాచుకుంటుంది. అంతే."

ఫోను తెరిచి చూపించింది. తెర మీద శనివారం నాటి గీత. పొద్దున కొంచెం దిగింది. అది నేను, మా ఆయన స్నానాలు చేసే వేళ. ఆ తర్వాత చాలాసేపు తిన్నగా పోయింది. నాలుగు దాటాక మాత్రం బావిలోకి జారినట్టు నిలువునా కిందికి పడింది. ముందు రోజూ అంతే. అంతకు ముందు రోజూ అంతే.

"ట్యాంకు కారుతున్నదేమో" అన్నాను.

"కారితే రోజంతా కారాలి కదండి. ఇది కాసేపు పడి ఆగిపోతోంది."

"ఆ టైంల ఇంట్ల ఎవలుంటరు?"

ఆమె వంటగది కిటికీ వైపు ఒకసారి చూసి, మళ్లీ ఫోను వైపు చూసింది.

"ఈ గీత నువ్వు గీసిందే గద. నీకు నచ్చినట్టు గీసుకోవచ్చు" అన్నాను.

నేను ఆ మాట అంటానని ఆమె ముందే అనుకుని ఉంటుంది. కోపం తెచ్చుకోలేదు. నా ఫోను అడిగి తీసుకుని, ఏదో యాప్ ఎక్కించి, డబ్బా పక్కన పెట్టి రెంటినీ ముడివేసింది. "ఇకనుంచి నా ఫోనుకి రాదండి, మీకే వస్తుంది. మీ చేత్తోనే మళ్లీ మూతకి అంటించండి. డాబా మీదికి వెళ్లి దీన్ని తెరిస్తే ఆ రోజుదంతా మీకు అప్పజెబుతుంది" అంది. నేను గుమ్మం దాటుతుంటే వెనకనుంచి, "అక్కా, నీళ్లు ఎంత తగ్గాయో మాత్రమే ఇది చెబుతుందండి, ఎవరు వాడారో చెప్పదు" అంది.

దాస్తోందని అర్థమైంది. ఏం దాస్తోందో అర్థం కాలేదు.

డబ్బాను మళ్లీ మూతకు అంటించి కిందికి వచ్చాక మా ఆయన, "పారేసినవా?" అని అడిగాడు. "పారేసిన" అన్నాను. ఎందుకు అలా చెప్పానో అప్పుడు నాకే తెలియదు. ఆయన తల ఊపి, పళ్లెం ముందుకు జరుపుకున్నాడు. ఆ పూట మామూలు కంటే ఎక్కువ మాట్లాడాడు, ఎక్కువ తిన్నాడు. అది చూస్తూ కూర్చున్నాను.

ఆ రోజు నుంచి చెప్పులు విప్పకుండానే డాబా ఎక్కడం అలవాటైంది. ట్యాంకు పక్కన నిలబడి ఫోను తెరిస్తే, గీత కాసేపు ఆలోచించినట్టు ఆగి, తర్వాత ఎడమ నుంచి కుడికి పాక్కుంటూ వచ్చేది. రోజూ నాలుగు తర్వాత అదే పల్లం. ఆదివారం నేను ఇంట్లో ఉన్నాను. ఆ రోజు పల్లం లేదు. సోమవారం చూసేసరికి నాలుగు గంటల దగ్గర గీత తిన్నగా ఉంది. పల్లం పోయింది కాబోలు అనుకున్నాను. పోలేదు. జరిగింది. పొద్దున పదకొండు ప్రాంతానికి వచ్చింది. మంగళవారమూ అక్కడే.

ఆ సోమవారం నుంచే మా ఆయనకు రెండో షిఫ్టు. మొదటి షిఫ్టులో ఆయన ఇల్లు చేరేది నాలుగింటికి. రెండో షిఫ్టు అయితే మధ్యాహ్నం దాకా ఇంట్లో ఉంటాడు.

ట్యాంకుకు ఆనుకుని నిలబడ్డాను. దాని నల్లటి గోడ ఇంకా వేడిగానే ఉంది. పైనున్న అమ్మాయిది ఏ డ్యూటీ అయినా, పల్లం మాత్రం మా ఆయన షిఫ్టుతో పాటు నడుస్తోంది.

ఆ రాత్రీ మర్నాడూ నాకు వచ్చిన ఆలోచనలు అన్నీ ఇక్కడ రాయను. నేను ఇంట్లో లేని వేళ, నాకు చెప్పకుండా, ట్యాంకు నీళ్లు అంతగా ఎవరి కోసం? ఆయన ఇంట్లో లేనప్పుడు వెనక గదిలోకి వెళ్లి చూశాను. చుట్టి మూలన పెట్టిన పచ్చ పైపు ఉంది. మేము దాన్ని వాడి ఏళ్లయింది. దుమ్ము పట్టి ఉండాల్సిన పైపు కడిగినట్టుంది. ఒక చివర ఎత్తితే నీళ్లు బొటబొటా నా పాదాల మీద పడ్డాయి. ఆయనను అడగొచ్చు. అడిగితే ఏదో ఒకటి చెబుతాడు, నేను నమ్మాల్సి వస్తుంది. అడగలేదు.

గురువారం ల్యాబులో ఇంటి పని ఉందని చెప్పి మధ్యలోనే బయలుదేరాను. స్కూటీని గల్లీ మొదట్లో ఆపి, నడిచి వెళ్లి, గేటును చప్పుడు కాకుండా తీసి, పక్క సందులోంచి పెరటి వైపు వెళ్లాను. సొంత ఇంట్లోకి అలా నక్కుతూ వెళ్లడం అదే మొదటిసారి. డాబా మీది నుంచి పచ్చ పైపు గోడ వెంట జారి, పెరడు దాటి, వెనక ప్రహరీ మీదుగా అవతలికి పోయింది. మా ఆయన బోర్లించిన సిమెంటు తొట్టి మీద నిలబడి, గోడ మీద పైపు పట్టుకుని ఉన్నాడు.

"డ్రమ్ము నిండిందా వదినె?"

"ఇంకో రెండు బిందెలు." గోడ అవతల ఆడగొంతు. "మీ ఇంటామెకు ఎరుకేనా ఇది?"

"ఎరుక లేదు. ఎరుకైతె బంద్ పెడ్తది."

గోడ అవతలి ఇల్లు మా బావగారిది. మా ఆయనకు అన్న. మా మామగారు గనిలో పనిచేస్తూ ఆరోగ్యం చెడి అన్‌ఫిట్ అయినప్పుడు, ఆ ఉద్యోగం కొడుకుల్లో ఒకరికి దక్కే వీలుండేది. పెద్దాయనకు అప్పటికే వయసు దాటిపోయింది. చిన్నవాడైన మా ఆయన చేరాడు. బావగారు బతికినంత కాలం ఆటో నడిపాడు. ఒక్కనాడూ ఏమీ అనలేదు. ఆయన పోయాక, దినాల నాడు, భోజనాలు వడ్డిస్తున్న చోట ఆయన భార్య, మా యారాలు, నా వైపు తిరిగి, "మా కూడు మీరు తింటున్నరు" అంది. చుట్టాలందరూ చేతులు ఆపి చూశారు. నేను విస్తరి ముందునుంచి లేచి వచ్చేశాను. ఆ రోజు నుంచి రెండు ఇళ్ల మధ్య మాట లేదు. మా ఇంట్లో ఆమె ఊసు ఎత్తొద్దని గీత గీసింది నేనే. ఆ గల్లీ చివరికి నల్లా నీళ్లు సరిగ్గా ఎక్కవనీ, ఆమె బోరు ఎండిపోయిందనీ వాడలో అందరికీ తెలిసినట్టే నాకూ తెలుసు. తెలిసినా నాకు పట్టలేదు.

అవతలి నుంచి ఆమె మళ్లీ అంది, "పైన కిరాయికున్న పిల్ల మీద లొల్లి చేస్తున్నదట గద?"

"ఆ పిల్ల ఎట్లనన్న పోయేదే వదినె. ప్లాంటోళ్లు క్వార్టర్ ఇస్తరు."

అప్పటిదాకా నాలో ఏ కోపం ఉందో నాకే స్పష్టంగా లేదు. ఆ మాటతో స్పష్టమైంది.

"ఆమెను ఖాళీ చేపియ్యమన్నది గిందుకేనా?" అన్నాను.

ఆయన తిరిగి చూశాడు. పైపు చేతిలోంచి జారి, నీళ్లు పెరటి మట్టిలో కారిపోసాగాయి. గోడ అవతలి నుంచి, "నీ నీళ్లు నాకద్దు చెల్లె" అన్న మాట, బిందె ఎత్తుకున్న చప్పుడు, తలుపు మూసిన చప్పుడు. మా ఆయన డాబా ఎక్కి నల్లా కట్టేసి వచ్చాడు. పైపును చుట్టకుండా పెరట్లోనే వదిలేశాడు.

ఇంట్లోకి వచ్చాక మంచం మీద కూర్చుని, నేల చూస్తూ చెప్పాడు. "గా నౌకరి మా అన్నకు రావాల్సింది. వయసు పోయిందని రాలేదు. గనిల దినాం గన్ని నీళ్లు తోడి పారబోస్తున్న. ఇక్కడ వదినె బిందె పట్టుకొని ఇల్లిల్లు తిరుగుతుంటె చూసుకుంట ఎట్ల ఉండాలె?"

"నాకు చెప్పచ్చు గద."

"చెప్తె పొయ్యనిస్తువా?"

పోయనిచ్చేదాన్ని కాదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు కాబట్టి నేను ఆ ప్రశ్నను వదిలేశాను.

"నీళ్లు పోసినందుకు కాదు. పైనున్న పిల్లను నేను నోటికొచ్చినట్టు అంటుంటె నువ్వు ఇన్కుంట కూసున్నవ్. గంతేగాదు, ఎల్లగొట్టుమన్నవ్ గూడ. గది నాకు నచ్చలే."

ఆయన డ్యూటీ వేళయింది. అన్నం తినకుండా లేచి, క్యారియరు పట్టుకుని వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున నేను చెప్పకముందే పైకి వెళ్లి ఆ అమ్మాయితో మాట్లాడి వచ్చాడు. ఏం మాట్లాడాడో నాకు చెప్పలేదు. సాయంత్రం నేనూ వెళ్లాను. ఈసారి కుర్చీలో కూర్చున్నాను.

"నీకు ముందుగాలనే ఎరుకనా?"

"నైటు డ్యూటీ వారంలో పగలు ఇంట్లోనే ఉంటాను కదండి. వంటగది కిటికీలోంచి పైపు కనపడేది. అవతల ఎవరో పెద్దావిడ బిందెలు మార్చుకోవడం కూడా చూశాను."

"మరి ఆ ఒక్కమాట చెప్తె అయిపోతుండె గద."

"చెబితే నమ్మేవారా అక్కా? మీ ఆయన మీద చాడీలు చెప్పిందని ఆ రోజే సామాను బయట పెట్టించేవారు. నా నోటితో మీ ఇంట్లో గొడవ మొదలవడం నాకు ఇష్టం లేదండి. నా మీద మాట పడకుండా ఉంటే చాలనుకున్నాను."

ఇదంతా ఆమె బల్ల మీది వైర్లను రంగుల వారీగా సర్దుతూ చెప్పింది. నేను క్షమించమని అడిగాను. ఆమె "అయ్యో, పర్లేదండి" అంది. పర్లేదన్న మాటలో ఎంత నిజం ఉందో కొలిచే సాధనం ఏదీ నా దగ్గర లేదు.

యారాలి దగ్గరికి వెళ్లడానికి మరికొన్ని రోజులు పట్టింది. పెరటి గోడ మీంచి పిలవడం బాగుండదని, గల్లీ అంతా చుట్టి తిరిగి ముందు గేటు దగ్గరికి వెళ్లాను. ఆమె గడప మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. లేవలేదు, పొమ్మనలేదు. నేను అరుగు మీద కూర్చున్నాను.

"నీళ్లు పట్టుకో అక్కా. బంద్ పెట్టనీకె రాలె" అన్నాను.

ఆమె కొంచెంసేపు పిక్కలే తీసింది. "నా మరిది దొంగలెక్క పోస్తుంటె తీసుకున్న. మా ఆయన తమ్ముడు, పోసిండు, తీసుకున్న. నువ్వు ఎరుకుండి పోస్తె ఎట్ల తీసుకుంట? రేపు పదిమందిల ఏమన్న మాటొస్తె, నా నీళ్లు తాగిందంటవ్."

"అనను."

"ఇప్పుడు అనవ్."

ఆమె అనుమానం అబద్ధమని నేను ఎలా చెప్పగలను? ఆమె స్థానంలో ఉంటే నేనూ అదే అనుకునేదాన్ని. కాసేపటికి నాకు ఒక ఉపాయం తోచింది.

"నేను పొద్దంత ఇంట్ల ఉండను. ఆ టైంల ఎవలు పోసిన్రో, ఎవలు పట్టుకున్నరో నాకు ఎరుకుండదు. ఎప్పటిలెక్కనే కానియ్యి."

ఆమె నా ముఖంలోకి చూసింది. నవ్విందని చెప్పలేను. "నీ ఇష్టం" అంది.

అలా ఆ వేసవంతా పచ్చ పైపు నాకు తెలియకుండానే గోడ దాటింది. నేను సంపు మోటరు పొద్దున ఇంకొంచెంసేపు వేసి వెళ్లేదాన్ని. సాయంత్రం నల్లా దగ్గినా ఎవరినీ ఏమీ అనేదాన్ని కాదు.

కానీ డాబా ఎక్కి గీత చూడటం మాత్రం మానలేకపోయాను. ఇవాళ ఎంత పోశాడు? నిన్నటి కంటే ఎక్కువా? అంత ఎందుకు? ఒక్క మనిషికి అన్ని నీళ్లా? బిందెలు దాటి మొక్కలకు కూడా పట్టుకుంటోందా? మాట ఇచ్చి వచ్చిన నేనే ట్యాంకు పక్కన నిలబడి లెక్కలు వేసేదాన్ని. ఒకరోజు మా ఆయనను కూడా అడ్డంగా అడగబోయి నాలుక కరుచుకున్నాను. గీత చూస్తూ ఒకసారి పైనున్న అమ్మాయికి దొరికిపోయాను. బట్టలు తీసుకుంటూ ఆమె నన్ను గమనించింది.

"ఇంకా చూస్తున్నారాండి?"

"ఊకెనే."

"తీసేద్దామా అక్కా? ఇంక దాని పని అయిపోయింది కదా."

వద్దని చెప్పబోయాను. ఫోను మూసి పక్కకు జరిగాను. ఆమె ట్యాంకు మూత ఎత్తి, డబ్బాను జాగ్రత్తగా ఊడదీసి, బ్యాటరీ బయటికి తీసింది. నా ఫోనులోంచి కూడా దాన్ని చెరిపేసింది. కొన్ని రోజుల పాటు సాయంత్రాలు కాళ్లు వాటంతట అవే మెట్ల వైపు వెళ్లేవి. పైకి వెళ్లి, చేసేదేం లేక, ఆరిన బట్టలు మడిచి దిగేదాన్ని.

వానలు మొదలయ్యాక ఆమెకు ప్లాంటు వాళ్లు క్వార్టర్ ఇచ్చారు. ఉండిపొమ్మన్నాను, నిజంగానే అన్నాను. "ఉండొచ్చండి. కానీ ఇంకోసారి ఏదైనా తక్కువైతే మీరు ముందు మెట్లెక్కి నా దగ్గరికే వస్తారు కదక్కా" అంది. అందులో నిష్ఠూరం లేదు, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పింది. రానని ప్రమాణం చేయడానికి నోరు తెరిచి, మూసుకున్నాను. ఆటోలో సామాను ఎక్కిస్తుంటే ఆ చిన్న బోర్డులున్న అట్టపెట్టెను మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకుండా తన ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

చలికాలంలో ఒక పొద్దున ల్యాబులో నా వరుసలో తర్వాతి మనిషిని పిలిస్తే, ఎదురు కుర్చీలో వచ్చి కూర్చున్నది మా యారాలు. చేతిలో డాక్టరు రాసిచ్చిన చీటీ. షుగరు పరీక్ష. ఇంకొకరి దగ్గరికి వెళ్లే వీలుంది, నా పక్కన మరో అమ్మాయి కూడా సూదితో నిలబడే ఉంది. అయినా నా ముందే కూర్చుని, జాకెట్టు చేయి పైకి జరుపుకుంది.

"పరగడుపున వచ్చినవా అక్కా?"

"ఆ. చాయ్ గూడ తాగలె."

చేతికి పట్టీ కట్టి నరం వెతికాను. సన్నబడింది చేయి. సూది గుచ్చుతుంటే ఆమె చూపు తిప్పుకోలేదు, నా వేళ్ల వైపే చూస్తూ ఉంది. గొట్టం నిండాక దూది పెట్టి, గొట్టానికి పేరు రాసిన చీటీ అంటించాను.

"నా పేరే రాసినవా?" అంది.

"నీదే."

"చూపెట్టు."

గొట్టాన్ని వెలుతురు వైపు తిప్పి పట్టుకున్నాను. ఆమె ముందుకు వంగి, పెదాలు కదుపుతూ ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది. ఇంటిపేరు దగ్గర ఆగి మళ్లీ మొదటినుంచి చదివింది. ఆ ఇంటిపేరు నాది కూడా.

"రిపోర్టు నేనే వచ్చి తీసుకుంట. నా మరిది చేతికియ్యకు, ఉత్తగనే ఫికర్ పడ్తడు" అంది.

సరే అన్నాను. ఆమె మోచేయి మడిచి దూదిని నొక్కిపట్టుకుని, బయట బెంచీ మీద కాసేపు కూర్చుని వెళ్లింది.